నొప్పి లేని పచ్చకామెర్లు

మా పెద్దమ్మకు మొదట వచ్చింది కామెర్లు కాదు, దురద.

2023 శ్రావణమాసం. పెద్దపంజాణి దగ్గర వాళ్ళ ఊళ్ళో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి ఆకును గరగరా నమిలేస్తున్న రోజులు. ఆ వారం రోజులూ పట్టుపురుగులున్న ఇంట్లో మనుషులకు తిండీ నిద్రా ఉండవు. మల్బరీ కోయాలి, మోయాలి, పరవాలి, పడకల మీద సున్నప్పొడి చల్లాలి. పెద్దమ్మ ఈ పనులన్నీ చేస్తూనే అరిచేతులు, అరికాళ్ళు, వీపు ఎడతెరిపి లేకుండా గీరుకుంటోంది. ఫోన్లో అడిగితే "సున్నం పడలేదు పాపా, ఇంకేముంది" అంది. కొబ్బరినూనె రాశారు. వేపాకు నీళ్ళు పోశారు. రాత్రిపూట దురద ఇంకా ఎక్కువయ్యేది. పదిరోజుల తర్వాత తలకు నూనె పెడుతూ ఆమె కోడలు మొహంలోకి చూసి "అత్తా, నీ కండ్లు పచ్చగుండాయి" అనేదాకా ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. ఇంటికి పెద్దదిక్కు కళ్ళలోకి ఎవరు మాత్రం చూస్తారు?

కడుపులో నొప్పి లేదు. జ్వరం లేదు. వాంతులు లేవు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రాగిసంకటి కొంచెం తగ్గించిందంతే. అందుకే ఎవరికీ భయం కలగలేదు. ఆ భయం లేకపోవడమే మా కొంప ముంచబోయింది.

పసరు మూడు పొద్దులు

మా సీమలో కామెర్లంటే డాక్టరు కాదు, పసరు. పుంగనూరు నుంచి కుప్పం దాకా ఏ ఊళ్ళో అడిగినా పసరు పోసే ఇల్లు చూపిస్తారు. మూడు పొద్దులు పరగడుపున తాగాలి. ఉప్పు, నూనె, చింతపండు ముట్టకూడదు. పెద్దమ్మ కొడుకు నాకు ఫోన్ చేసి "పోయిస్తామక్కా?" అని అడిగాడు. మదనపల్లెలో ముప్పై ఏళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన దాన్ని నేను. "కాలేయము పైత్యరసమును స్రవించును" అని ఎన్ని వందలసార్లు నల్లబల్ల మీద రాశానో! అయినా "సరే, చూడండి" అన్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

పసరును నేను ఎగతాళి చేయడం లేదు. నేల ఉసిరి మీద చెన్నై శాస్త్రవేత్తలు పరిశోధన చేసి 1988లో 'లాన్సెట్' పత్రికలో రాశారు. హెపటైటిస్-బి వైరస్ మీద అది పనిచేస్తుందని అప్పట్లో ఆశపడ్డారు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. అయినా పసరుకు పేరు నిలబడే ఉంది. ఎందుకంటే మన ఊళ్ళలో వచ్చే కామెర్లలో ఎక్కువభాగం కలుషితమైన నీళ్ళవల్ల, ఆహారంవల్ల వచ్చే వైరస్ కామెర్లే. వాటిలో చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పేరు పసరుకు వస్తుంది. కానీ కామెర్లలో ఇంకో రకం ఉంది. కాలేయం బాగానే పైత్యరసం తయారు చేస్తుంది, అది పేగులోకి పోయే దారే మూసుకుపోతుంది. దారికి అడ్డం పడిన దాన్ని ఏ ఆకు పసరూ తీయలేదు.

ఈ రెండింటికీ తేడా ఇంట్లో ఆడవాళ్ళే కనిపెట్టగలరు, నోరు విప్పి అడిగితే. దారి మూసుకుపోతే మూత్రం టీ డికాషన్ రంగులోకి మారుతుంది. మలం మాత్రం రంగు పోయి తెల్లటి బంకమట్టిలా ఉంటుంది. మలానికి రంగునిచ్చేది పైత్యరసమే మరి! ఒళ్ళంతా దురద. పెద్దమ్మను ఈ సంగతి అడిగింది మూడు వారాల తర్వాత. "తెల్లగా పోతావుంటే ఉప్పు లేని తిండి వల్లేమో అనుకుంటి. అదంతా ఎవరితో చెప్పేది పాపా!" అంది. మూడు పొద్దుల పసరు అయిపోయింది. అది పనిచేయలేదని ఇంకో ఊళ్ళో ఇంకో పసరు కూడా అయిపోయింది. ఆలోగా రక్తంలో బిలిరుబిన్ 19కి చేరింది. మామూలుగా అది 1 దగ్గరే ఉండాలి.

కాలువల కూడలి

స్కాన్ చేసిన డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. కాలేయంలో ఉన్న సన్నసన్నని నాళాలన్నీ కలిసి కుడివైపు ఒక కాలువ, ఎడమవైపు ఒక కాలువ అవుతాయి. ఆ రెండూ కాలేయం గుమ్మం దగ్గర కలిసి ఒకటై కిందికి దిగుతాయి. దారిలో పిత్తాశయం పక్కనుంచి వచ్చి కలుస్తుంది. చివరికి క్లోమం లోపలి నుంచి వెళ్ళి పేగులో పడుతుంది. మా పెద్దమ్మకు సరిగ్గా ఆ రెండు కాలువల కూడలిలో గడ్డ ఉంది. కూడలికి పైన కాలేయంలోని నాళాలన్నీ ఉబ్బి ఉన్నాయి, కింద పిత్తాశయం ఖాళీ సంచిలా ముడుచుకుపోయింది. అదే అడ్డు కింద, క్లోమం దగ్గర ఉంటే పిత్తాశయం కూడా ఉబ్బి ఉండేదట.

ఈ కూడలి గడ్డలకు 'క్లాట్‌స్కిన్ ట్యూమర్' అనే పేరుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం డాక్టరు జెరాల్డ్ క్లాట్‌స్కిన్ 1965లో పదమూడుమంది రోగుల గురించి వివరంగా రాయడంతో ఆ పేరు వచ్చింది. పైత్యరస నాళాల క్యాన్సర్లలో సగానికి సగం ఈ కూడలిలోనే వస్తాయి. మొత్తంగా చూస్తే చాలా అరుదైన జబ్బు. అమెరికా లాంటి దేశాల్లో ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. గడ్డ చిన్నదే, కొన్నిసార్లు వేలి గోరంత. కానీ అది కూర్చునే చోటే చెడ్డది. కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద నాళాలు రెండూ దాన్ని ఆనుకునే ఉంటాయి.

అందరికీ అది క్యాన్సరే కానక్కర్లేదని కూడా అప్పుడే తెలిసింది. క్యాన్సరనుకుని కోసిన కూడలి గడ్డల్లో కొన్ని, దాదాపు పదింట ఒకటి, తీరా పరీక్ష చేస్తే క్యాన్సర్ కాదని తేలిన లెక్కలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ఐజీజీ-4 అనే జబ్బుకు స్టెరాయిడ్ మాత్రలతోనే నాళం తెరుచుకుంటుంది. క్షయ గ్రంథులు ఉబ్బి నాళాన్ని నొక్కినా ఇలాగే కనబడుతుంది. ఆరోగ్యవరం క్షయ శానటోరియం నీడలో పెరిగిన మా మదనపల్లె వాళ్ళకు ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. అదే అయితే బాగుండునని మొక్కుకున్నాను. పరీక్షలు చేశారు. అది కాదు, ఇది కాదు.

ఊరికో మాట

అసలు కథ ఇక్కడ మొదలైంది. పెద్దపంజాణి ఉన్నది మూడు రాష్ట్రాల మూలలో. ఇటు వెళితే బెంగుళూరు, అటు చిత్తూరు మీదుగా వేలూరు, ఇంకొంచెం ముందుకు చెన్నై, పైకి వెళితే తిరుపతి. ఇన్ని దారులుండడం అదృష్టమే. కానీ ఒక్కోచోట ఒక్కోమాట చెబితే?

మొదట చేర్పించిన చోట ఆ రాత్రే నోటిలోంచి గొట్టం పంపి స్టెంట్ వేశారు. "కామెర్లు దిగితే చాలు, ఈ వయసులో ఇంకేమీ వద్దు. ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి" అన్నారు. మూడోరోజు చలిజ్వరం వచ్చి పెద్దమ్మ మంచం అదిరిపోయేలా వణికింది. మూసుకుపోయిన నాళంలోకి క్రిములు చేరాయన్నమాట. రెండోచోట ఫిల్ములు చూసిన డాక్టరు చాలాసేపు మాట్లాడలేదు. "స్టెంట్ వేయకముందు ఎమ్మారై తీయలేదా?" అని మాత్రం అడిగాడు. స్టెంట్ పడ్డాక నాళాలు ముడుచుకుంటాయి, లోపల వాపు వస్తుంది. గడ్డ ఎంతదాకా పాకిందో బొమ్మలో స్పష్టంగా కనబడదు. ముందు బొమ్మ, తర్వాత గొట్టం... ఈ వరస మాకెవరు చెప్పారు? మూడోచోట "ఆపరేషన్ చేయవచ్చు. కానీ కాలేయంలో కుడివైపంతా తీసేయాలి. అందుకు రెండు నెలలు తయారు చేయాలి" అన్నారు.

ఒకరు ఏమీ వద్దంటారు, ఒకరు సగానికి పైగా కాలేయం తీయాలంటారు. ఎవరు సరి? ఇంట్లో మగవాళ్ళు వాదులాడుకుంటున్నారు. నేను పుస్తకాలు, వైద్య పత్రికలు పట్టుకుని కూర్చున్నాను. తెలిసిందేమిటంటే, ఈ పేచీ పుంగనూరుదో బెంగుళూరుదో కాదు. ప్రపంచమంతా నలభై యాభై ఏళ్ళుగా నడుస్తున్నదే!

నగోయాలో ఒకలా, బెర్లిన్‌లో ఒకలా

జపాన్‌లో నగోయా అనే నగరం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో యూజీ నిమూరా, తర్వాత మసాతో నగీనో అనే సర్జన్లు ఈ జబ్బుకే జీవితం ధారపోశారు. అంతకుముందు చాలాచోట్ల గడ్డ ఉన్న నాళం ముక్క మాత్రం కోసి తీసేవారు. కొన్నాళ్ళకు అది మళ్ళీ వచ్చేది. కాలేయం వెనక 'కాడేట్ లోబ్' అనే చిన్న భాగం ఉంటుంది. దాని సన్నని నాళాలు సరిగ్గా ఆ కూడలిలోకే తెరుచుకుంటాయి కాబట్టి గడ్డ వాటిలోకీ పాకుతుంది, దాన్నీ ఒకవైపు కాలేయాన్నీ కలిపి తీయాలన్నది నిమూరా పట్టు. అక్కడ 1977 నుంచి 2010 దాకా 574 మందికి చేసిన ఆపరేషన్ల లెక్క 2013లో అచ్చయింది. 1990కి ముందు ఆపరేషన్ వల్ల నూటికి పదకొండుమంది దాకా చనిపోయేవారు. చివరి అయిదేళ్ళలో అది నూటికి ఇద్దరి కన్నా తక్కువైంది. మొత్తమ్మీద మూడోవంతు మంది అయిదేళ్ళు దాటి బతికారు. మూడోవంతేనా అనిపిస్తుంది. ఆపరేషన్ లేకపోతే ఎక్కువమందికి ఏడాది గడవడమే కష్టమని తెలిస్తే ఆ లెక్క వేరుగా కనబడుతుంది.

బెర్లిన్‌లో పీటర్ న్యూహాస్ ఇంకా ముందుకు వెళ్ళాడు. గడ్డను అసలు తాకకుండా, దాన్ని ఆనుకున్న రక్తనాళం కూడలితో సహా కుడివైపంతా ఒకే ముద్దగా తీసేయాలని 1999లో రాశాడు. జపాన్ వాళ్ళలో ఎక్కువమంది నాళం గడ్డకు అతుక్కుంటేనే కోస్తారు, లేకపోతే కాపాడతారు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళది మరో దారి. కోయడానికి వీల్లేని చిన్న గడ్డలకు, ముందు రేడియేషన్, మందులు ఇచ్చి, గడ్డ పాకకుండా నిలిచినవాళ్ళకు కాలేయమే మార్చేస్తారు. 1993లో మొదలుపెట్టారు. ఏరికోరి ఎంచుకున్న రోగుల్లో ఫలితాలు ఆశ్చర్యపరిచేంత బాగున్నాయి. కానీ ఇచ్చేవాళ్ళ కాలేయం దొరకాలిగా! మన దేశంలో ఆ అదృష్టం ఎంతమందికి?

యూరప్, అమెరికాల్లో చాలా ఆస్పత్రుల లెక్కల్లో ఈ ఆపరేషన్ తర్వాత మూడునెలల్లోపు పోయేవాళ్ళు నూటికి పదిమందికి పైనే ఉంటున్నారు. జపాన్‌లో పేరున్న చోట్ల అందులో సగం కూడా లేరు. చేతివాటమేనా తేడా? కొంత అదే. ఎక్కువమందికి చేసేచోట చేయి తిరుగుతుంది. మన ఇంట్లో నెలకోసారి ఒబ్బట్లు చేసే చేతికీ ఉగాదికి మాత్రమే చేసే చేతికీ తేడా లేదూ? కానీ అంతకంటే పెద్ద తేడా తయారుచేయడంలో ఉంది. అక్కడ రోగిని వారాల తరబడి ఉంచి, కామెర్లు పూర్తిగా దించి, చీము, జ్వరం లేకుండా చూసి, మిగలబోయే కాలేయం పెరిగేదాకా ఆగి అప్పుడు కత్తి పడతారు. పడమటి దేశాల్లో రోగులు పెద్దాస్పత్రికి చేరేసరికే ఎక్కడో స్టెంట్ పడి, జ్వరాలతో నీరసించి వస్తారు. చదువుతుంటే అచ్చం మా కథే!

ఆ పైత్యరసం దించే పద్ధతిలోనూ పేచీ ఉంది. పక్కటెముకల మధ్య నుంచి సూదితో గొట్టం వేయాలా, నోటి నుంచా? నెదర్లాండ్స్‌లో దీన్ని పరీక్షించారు. ఇరవైఏడుమందికి ఒకలా, ఇరవైఏడుమందికి ఒకలా. పక్కనుంచి వేసినవాళ్ళలో పదకొండుమంది పోయారు, నోటినుంచి వేసినవాళ్ళలో ముగ్గురు. దాంతో పరీక్షనే మధ్యలో ఆపేసి 2018లో ఫలితం ప్రకటించారు. పక్కనుంచి గొట్టం వేసే పద్ధతినే జపాన్ వాళ్ళు ఎన్నో ఏళ్ళు వాడి మంచి ఫలితాలు చూపించారు. తర్వాత గొట్టం దారిలో క్యాన్సర్ కణాలు నాటుకుంటున్నాయని చూసి, ముక్కులోంచి వేసే సన్నగొట్టానికి మారారు. ఒకే గొట్టం ఒకచోట కాపాడింది, ఒకచోట కాపాడలేదు. యాభైనాలుగుమందితో ఏదీ తేలిపోదని నా అభిప్రాయం. కానీ "మా పద్ధతే పద్ధతి" అని ఏ డాక్టరైనా అంటే మాత్రం ఇప్పుడు నేను నమ్మను.

పైత్యం తాగమంటారా!

చివరికి మేం మూడోచోటే ఉండిపోయాం. స్టెంట్ మార్చి, మిగలబోయే ఎడమవైపు నుంచి పైత్యరసం బయటి సంచిలోకి వచ్చేలా గొట్టం వేశారు. రోజూ సంచిలోకి దిగే పసుపుపచ్చటి రసం చూస్తే పెద్దమ్మకు కడుపులో తిప్పేది. అంతా బయటికి పోతే కొవ్వు అరగదు, ఒంట్లోని నీరు, ఉప్పు పోతాయి, కొన్ని విటమిన్లు ఒంటబట్టవు. అందుకే దాన్ని మళ్ళీ లోపలికే పంపాలట! జపాన్‌లో ఇది మామూలే. అక్కడ రోగులు తాగుతారు, లేదా ముక్కులోంచి సన్నగొట్టంతో పంపుతారు.

నర్సు ఆ మాట చెప్పగానే పెద్దమ్మ లేచి కూర్చుంది. "ఏమ్మా, పైత్యం తాగమంటావా నన్ను? పైత్యమెక్కింది నాకా నీకా?" ఆ గదిలో ఉన్న అందరం చాలారోజుల తర్వాత నవ్వాం. నర్సు కూడా నవ్వింది. కానీ వదలలేదు. చల్లబరిచి, వడకట్టి, పుల్లటి పళ్ళరసంలో కలిపి ఇచ్చింది. మొదటిసారి వాంతి అయ్యింది. తర్వాత కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకుని తాగింది. "పసరు కన్నా నయమే" అంది. వారం తిరిగేసరికి అన్నం మీద ధ్యాస వచ్చింది.

ఇంకో తమాషా చేశారు. కుడివైపు కాలేయానికి రక్తం తెచ్చే నాళాన్ని లోపలినుంచే మూసేశారు. ఎందుకంటే ఎడమవైపు ముక్క మొత్తంలో నూటికి ముప్పైవంతులే ఉంది. కామెర్లతో నలిగిన కాలేయానికి నలభై దాకా ఉంటేగానీ ఆపరేషన్ తర్వాత తట్టుకోదు. ఒకవైపు రక్తం ఆపేస్తే అదంతా రెండోవైపుకు మళ్ళుతుంది, నాలుగైదు వారాల్లో అది పెరుగుతుంది. ఇదీ జపాన్ వాళ్ళు నలభై ఏళ్ళ కింద మొదలుపెట్టిన ఉపాయమే. ఒక మడికి నీళ్ళు కట్టేసి రెండో మడికి మళ్ళించడం మా పెద్దమ్మకు చిన్నప్పటినుంచీ తెలిసిన విద్య. వివరం చెప్పినప్పుడు అందరికంటే ముందు అర్థమైంది ఆమెకే.

గంగ ఒడ్డున, మెకాంగ్ ఒడ్డున

ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే. ఇది మనకెందుకు వచ్చింది? మా పెద్దమ్మకు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు. కొన్నిచోట్ల మాత్రం కారణం స్పష్టం. ఈశాన్య థాయ్‌లాండ్‌లో ఖోన్‌కేన్ వైపు పచ్చి చేపను తినే అలవాటుంది. ఆ చేపలో ఉండే ఒక రకం జలగలాంటి క్రిమి పైత్యరస నాళాల్లో కాపురం పెట్టి ఏళ్ళ తరబడి పుండు చేస్తుంది. ప్రపంచంలో ఈ క్యాన్సర్ అన్నిటికన్నా ఎక్కువ అక్కడే. జపాన్‌లో ఒసాకాలోని ఒక ప్రింటింగ్ సంస్థలో చిన్నవయసు పనివాళ్ళకు వరసగా ఇదే జబ్బు రావడం 2012లో బయటపడింది. అచ్చుయంత్రం తుడిచే ద్రావకం దానికి కారణమని తేలింది. నాళంలో పుట్టుకతో వచ్చే తిత్తులు, కాలేయం లోపల రాళ్ళు కూడా దీనికి దారితీస్తాయి.

మన దేశంలో ఇంకో తేడా ఉంది. గంగానది పొడుగునా ఉత్తరప్రదేశ్, బీహార్, అటు అస్సాం దాకా పిత్తాశయం క్యాన్సర్ చాలా ఎక్కువ, అందులోనూ ఆడవాళ్ళలో. చెన్నై, బెంగుళూరు వైపు అది తక్కువ. అందుకని అక్కడి సర్జన్ల చేయి తిరిగింది పిత్తాశయం మీద. కూడలి గడ్డ ఎక్కడైనా అరుదే కాబట్టి, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారన్నది ఏ ఊరికి వెళ్ళినా అడగాల్సిన మొదటి ప్రశ్న. తెలుగువాళ్ళకు ఈ విషయంలో ఒక గొప్పా ఉంది. నోటినుంచి గొట్టం వేసి నాళాలు తెరిచే విద్యలో హైదరాబాద్ డాక్టరు డి. నాగేశ్వర్ రెడ్డి పేరు ప్రపంచమంతా తెలుసు. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. కానీ మా మూలనున్నవాళ్ళకు హైదరాబాద్ కన్నా వేలూరు, బెంగుళూరే దగ్గర. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, దాని పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. సరిహద్దు దాటాక ఆ కార్డు ఏ ఆస్పత్రిలో, ఏ ఆపరేషన్‌కు చెల్లుతుందో బయలుదేరకముందే 104కు ఫోన్ చేసి అడగండి. మేం అడగలేదు. రెండావులు, పెద్దమ్మ గాజులు పోయాయి.

నన్నెవరైనా అడిగినారా?

ఆపరేషన్‌కు ముందురోజు ఇంట్లో పెద్ద పంచాయితీ. కొడుకు చేయిద్దామంటాడు. అల్లుడు ఇంటికి తీసుకుపోదామంటాడు. పెదనాన్న మాట్లాడడు. డాక్టరు ఎవరితో మాట్లాడాలో తెలియక ముగ్గురినీ చూస్తున్నాడు. అప్పుడు మంచం మీంచి పెద్దమ్మ "రెండు నెల్లుగా నన్ను కోసేది, వద్దనేది అంతా మీరే చెప్పుకుంటుండారు. నన్నెవరైనా అడిగినారా?" అంది.

ఆ డాక్టరు కుర్చీ జరుపుకుని ఆమె దగ్గర కూర్చున్నాడు. అప్పుడామె అడిగిన ప్రశ్న చదువుకున్న నాకు తట్టలేదు. "సార్, నాలాంటోళ్ళకు మీరు కోసినాక ఇంటికి పోకుండా ఈడనే ఎంతమంది పోయినారు?" అని అడిగింది. "పదిమందిలో ఒకరమ్మా" అన్నాడాయన దాచకుండా. "కోయకుంటే?" "ఏడాది కష్టం." "కోస్తే?" "చెప్పలేనమ్మా. కొందరికి రెండేళ్ళు, కొందరికి అయిదు, కొందరికి ఇంకా ఎక్కువ. కోసి చూశాక వీలుకాక మూసేసేదీ ఉంటుంది." పెద్దమ్మ కాసేపు గోడవంక చూసింది. "మనవరాలు పదో తరగతి పరీక్ష రాసేది చూడాల. కోయండి" అంది.

తొమ్మిది గంటలు పట్టింది. కుడివైపు కాలేయం, వెనకనున్న ఆ చిన్నముక్క, నాళం, చుట్టూ ఉన్న గ్రంథులు తీసి, ఎడమవైపు నాళానికి పేగు కుట్టారు. తర్వాత మూడువారాలు కుట్ల దగ్గర పైత్యరసం కారుతూనే ఉంది. మళ్ళీ జ్వరం, మళ్ళీ గొట్టం. ఒక రాత్రి అయిపోయిందనే అనుకున్నాం. పరీక్షలో కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయని, ఒక గ్రంథిలో మాత్రం క్యాన్సర్ ఉందని వచ్చింది. ఆరునెలలు కేపసిటబిన్ మాత్రలు ఇచ్చారు. అది బ్రిటన్ వాళ్ళు 2019లో ఖాయం చేసిన పద్ధతి. జపాన్‌లో ఎస్-1 అనే వేరే మాత్ర ఇస్తారు, వాళ్ళ ఫలితం 2023లో వచ్చింది. మాత్రల దగ్గర కూడా ఊరికో మాటే! ఆ మాత్రలకు పెద్దమ్మ అరిచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొరలు ఊడాయి. మోతాదు తగ్గించాక నిలదొక్కుకుంది.

ఆపరేషనై రెండేళ్ళు దాటింది. మనవరాలు పరీక్ష రాసింది, పాసైంది. మనిషి సగమైంది కానీ మల్బరీ తోటలోకి పోవడం మానలేదు. ఇంకో కొత్త అలవాటు పట్టుకుంది. ఊళ్ళో ఎవరికి ఒళ్ళు దురదన్నా పిలిచి, ఎండలోకి తీసుకుపోయి, కిందిరెప్ప లాగి చూస్తుంది. ఆ తర్వాత సిగ్గు లేకుండా దొడ్డికి ఏ రంగులో పోతోందని అడుగుతుంది. మొన్న పాలకేంద్రం దగ్గర పాలు పోయడానికొచ్చిన ఒక అమ్మాయిని ఇట్లాగే పట్టుకుని మదనపల్లె పంపించింది. ఆ అమ్మాయికి నాళంలో రాయి ఉందట. గొట్టం వేసి తీశారు, నాలుగురోజుల్లో ఇంటికొచ్చింది.

సంక్రాంతి దాటాక పెద్దమ్మకు మళ్ళీ స్కాన్ ఉంది. తేదీ గుర్తుచేద్దామని ఫోన్ చేశాను. "పురుగులు గూడు కట్టుకుంటా ఉండాయి పాపా. గూళ్ళు మార్కెట్టుకు పోయినాక వస్తాలే" అంది. ఆ ముందురోజు కుదరదా అంటే ఫోన్ కోడలికిచ్చేసింది.